గోడవైపు

"ఊపిరి బిగబట్టమాక. పొట్ట వదులుగా పెట్టు," అన్నాడు కన్నియప్పన్.

పంకజం గోడవైపు మొహం తిప్పుకొని పడుకొని ఉంది. చీర కుచ్చెళ్ళు కిందికి జరిపి, జాకెట్టు అంచు పైకి మడిచి, పొట్టను మొగుడికి అప్పగించేసి, తన మటుకు తాను గోడ మీద పెచ్చులూడిన చోటు చూస్తోంది. పైన వేసిన పచ్చరంగు రాలిపోయి కింద పాత నీలం బయటపడింది. ఆ నీలానికి ఒక పక్క చేప తోకలాంటి వంపు ఉంది. ఏడాదిగా ఆమె చూస్తున్నది ఆ తోకనే.

పేగులో పుట్టింది క్యాన్సరని తేలాక పెద్దాసుపత్రిలో ఆపరేషను చేశారు. కింది దారి మూసేసి, మలం పోవడానికి పొట్టకు ఎడమ పక్కన కొత్త దారి పెట్టారు. ఆ తర్వాత మందులెక్కించారు. జబ్బు పోయిందన్నారు. ఆ దారి మాత్రం బతికినంత కాలం ఉంటుందన్నారు. దాని చుట్టూ చర్మానికి అంటించే ప్లేటు, ప్లేటుకు తగిలించే సంచి. ఇంట్లో ఆ దారికి పేరు పెట్టలేదు. 'అది' అంటారు. అది ఎట్లా ఉంటుందో పంకజానికి తెలియదు. ఆసుపత్రిలో నర్సు మొదటిసారి దుప్పటి తొలగించినప్పుడు కళ్ళు గట్టిగా మూసుకుంది. ఆ తర్వాత ఎన్నడూ అటు చూడలేదు.

అంతా కన్నియప్పనే. జార్జి టౌన్‌లో కాగితాల గోడౌన్లో బండిళ్ళకు తాళ్ళు బిగించి కాయలు కాసిన చేతులు అవి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో తాగిన కాఫీ గ్లాసు కూడా తీసి పక్కన పెట్టిన చేతులు కావు. ఆ చేతులే ఇప్పుడు పాత గుడ్డను గోరువెచ్చని నీళ్ళలో ముంచి, పిండి, పసిబిడ్డ ఒళ్ళు తుడిచినట్లు తుడుస్తాయి. ప్లేటును అరచేతుల మధ్య పెట్టుకొని వెచ్చబెట్టి, మెల్లగా అదిమి, అంటుకునేదాకా చెయ్యి తియ్యకుండా ఉంచుతాయి. ఆ కాసేపూ ఆయన ఏదో ఒకటి చెబుతూనే ఉంటాడు. గోడౌన్లో ఎవరు ఎవరితో పోట్లాడిందీ, తొండియార్‌పేట మార్కెట్లో ఏ చేప వచ్చిందీ. అంతకు ముందు వాళ్ళిద్దరూ అంతసేపు మాట్లాడుకున్నది లేదు.

ఈ ఉదయం మాత్రం ఆయన ఏమీ మాట్లాడలేదు.

గుడ్డ తగలగానే పంకజం పెదవి కరుచుకుంది. మొదట్లో చీమ కుట్టినట్లుండే మంట, ఇప్పుడు పచ్చి మిరపకాయ రాసినట్లుంది.

"ఎట్లుంది?" అంది గోడతో.

"ఏముంది, బాగుంది."

"మంటగా ఉండాదే."

"ఎండలు గదమ్మే. చెమటకు అట్నే ఉంటాది."

పొట్ట మీద వెచ్చగా ఒక చుక్క పడింది. గుడ్డలోని నీళ్ళనుకుంది. రెండోది పడినప్పుడు ఆయన ముక్కు ఎగబీల్చాడు.

"ఏమయ్యా?"

"జలుబు," అన్నాడు. ప్లేటు వేసి, అరచెయ్యి ఆనించి, ఎప్పటికన్నా ఎక్కువసేపు అట్లాగే కూర్చున్నాడు.

*

కన్నియప్పన్ గోడౌనుకు పోయిన తర్వాత పక్క వాటాలో ఉండే రాసాత్తి వచ్చింది. పూలు కట్టి అమ్ముకునే మనిషి. ఎప్పుడొచ్చినా గుమ్మంలోనే నిలబడి లోకంలోని కబుర్లన్నీ చెప్పి పోతుంది. ఇవాళ లోపలికొచ్చి మంచం మీద పంకజం పక్కన కూర్చుంది. దుప్పటి కప్పి మూలకు జరిపిన కుట్టుమిషను వైపు ఒకసారి చూసింది. మల్లెపూల వాసన వేసే చేతితో పంకజం తల నిమిరింది.

"అక్కా, ఏదన్నా తినాలని ఉంటే చెప్పు. చేసి తెస్తా. మనసులో పెట్టుకోమాక."

"నాకేం కోరికలే? ఏంది ఇట్లా మాట్లాడతా ఉండావు?"

"సుమ్మా... ఊరికే అడిగినా."

"రాసాత్తీ. నా కళ్ళల్లోకి చూసి చెప్పు."

రాసాత్తి చూడలేకపోయింది. చూపు వంచుకొని పైట చెంగు వేలికి చుట్టుకుంది. "అన్న మా ఇంటాయన కాడ చెప్పుకోని ఏడ్చినాడక్కా. మళ్ళా వచ్చేసిందంట గదా. ఆ చుట్టూరా అంతా పుండయిపోయి ఉండాదంట. కుళాయి కాడ అందురూ అదే అనుకుంటా ఉండారు." అని తలెత్తి పంకజం మొహం చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యయ్యో. నీకు తెలవదా?"

చచ్చిపోతానేమోనన్న భయం పంకజానికి తర్వాత వచ్చింది. ముందు వచ్చింది సిగ్గు, దాని వెంటే కోపం. ఒళ్ళు తనది. నొప్పి తనది. దాని సంగతి వీధి కుళాయి దగ్గర బిందెలు పట్టుకునే వాళ్ళందరికీ తెలుసు, తనకు తప్ప.

"నువ్వు పో తల్లీ," అంది. "కాసేపు పడుకుంటా."

రాసాత్తి పోయాక లేచి తలుపు గడియ వేసింది. బీరువా అద్దం ముందు నిలబడింది. చీర వదులు చేసింది. ప్లేటు అంచు ఒక పక్క లేచి తడి కారుతోంది. పుండయిన చర్మానికి అంటు నిలవడం లేదు. కళ్ళు మూసుకొని లాగింది. తర్వాత తెరిచింది.

ఇంతే ఉంది. చంటిబిడ్డ నోటి లోపలిలాగా ఎర్రగా, తడిగా, మెరుస్తోంది. తను ఇన్నాళ్ళూ గోడను చూస్తూ ఊహించుకున్నది ఇది కాదు. అదేదో పెద్ద తూటు, లోపలంతా కనబడేది. ఇది చిన్నది. మెల్లగా ముడుచుకొని మళ్ళీ విచ్చుకుంది. ప్రాణమున్న దానిలాగా కదిలింది.

కానీ దాని చుట్టూ చర్మం కాలినట్లు చీకిపోయి ఉంది. అక్కడక్కడ రక్తం చెమ్మ. నిజమే, తినేస్తోంది, అనుకుంది పంకజం. మళ్ళీ వచ్చి చుట్టూ నుంచి తినుకుంటూ వస్తోంది.

అంతలోనే అది తన పని తాను చేసింది. అడగకుండా, చెప్పకుండా. పంకజం చెయ్యి అడ్డం పెట్టింది. వేళ్ళ సందుల్లోంచి చీర మీదికి, నేల మీదికి కారింది. అరుద్దామనుకుంది. అరిస్తే రాసాత్తి వస్తుంది. ఒక చేత్తో పట్టుకొని, రెండో చేత్తో మిషను కింది గుడ్డపేలికల మూట లాగి, ఏది దొరికితే అది అదిమింది. ఎవరి పెళ్ళి జాకెట్టులోదో మిగిలిన జరీ ముక్క ఒకటి చేతికొచ్చింది. దాంతోనూ తుడిచింది. చివరికి తువ్వాలు నడుముకు బిగించి కట్టి, మోకాళ్ళ మీద కూర్చొని నేలంతా కడిగింది.

సాయంత్రం కన్నియప్పన్ తలుపు తీస్తూనే ఫినాయిలు వాసనకు ఆగిపోయాడు.

"నువ్వు జూసింది నేను గూడా జూసినా," అంది పంకజం.

ఆయన అక్కడే గడప మీద కూలబడ్డాడు.

"రేపు ఆస్పత్రికి పోదాం."

"వద్దు."

"ఎందుకొద్దు?"

"పోతే చెప్తారు," అన్నాడు కన్నియప్పన్. "చెప్పినాక ఇంకేముండాది? పోకుండా ఉంటే ఉన్నన్నాళ్ళు ఇట్నే ఉంటావు."

ఆమె మంచం మీద పడుకుంది. ఈసారి గోడవైపు తిరగలేదు. ఆయన కొత్త ప్లేటు తీసి, ఆసుపత్రిలో ఇచ్చిన అట్టముక్క కొలత పెట్టి మధ్యలో బొక్క కోయడం చూసింది. ప్లేటును ముక్కు దాకా తెచ్చుకున్నాడు. బొటనవేలితో అట్ట అంచు తడుముకుంటూ కత్తెర నడిపించాడు. రెండుసార్లు కత్తెర పక్కకు జారింది. ఇద్దరి భయమూ ఒకటేననుకుంది పంకజం.

*

తెల్లారి ఆయన పనికి పోగానే తాళం వేసి తాళంచెవి రాసాత్తికిచ్చి బస్సెక్కింది. ఆపరేషనయ్యాక ఒంటరిగా గడప దాటడం ఇదే మొదటిసారి. బస్సులో పక్కన ఖాళీ ఉన్నా కూర్చోలేదు. పొట్టకు చేతిసంచీ అడ్డం పెట్టుకొని, కమ్మీ పట్టుకొని, వాసన వస్తోందేమోనని అందరి మొహాలూ చూసుకుంటూ నిలబడింది. ఎవరూ ఆమె వైపు చూడలేదు.

ఇట్లాంటి ఆపరేషనైన వాళ్ళను చూసుకునే నర్సు సెలీనాది ఆసుపత్రి వరండా చివర చిన్న గది. నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం ఆమెది. "రా అక్కా. అన్న రాలేదా?" అంటూ పంకజం వెనకాల చూసింది.

"నేనే వచ్చినా," అని పంకజం బల్ల మీద పడుకొని, తనే చీర జరిపింది. "చూసి నిజం జెప్పమ్మా. ఇంకెన్నాళ్ళు?"

సెలీనా ప్లేటు ఊడదీసింది. తుడిచింది. చాలాసేపు వంగి చూసింది. తీసిన ప్లేటును తిప్పి వెనకవైపు చూసి, లేచి వెళ్ళి డాక్టరును పిలుచుకొచ్చింది. ఆయన చుట్టూ నొక్కాడు, చేతికి తొడుగు వేసుకొని లోపల వేలు పెట్టి చూశాడు, పోయిన నెల తీసిన స్కాను కాగితం ఇంకోసారి తిరగేశాడు. సెలీనాతో తమిళంలో నాలుగు మాటలు చెప్పి వెళ్ళిపోయాడు. పంకజం ఆ మాటలు విన్నది, అర్థమైంది కూడా, కానీ నమ్మలేక సెలీనా మొహం కేసి చూసింది.

"జబ్బు కాదక్కా," అంది సెలీనా. "చర్మం ఒరిపిడి, అంతే. ఆపరేషనప్పుడు ఇది వాచి ఉంటాది. రాను రాను తగ్గిపోతాది. ప్లేటులో బొక్క మాత్రం అప్పటి కొలతకే కోస్తా ఉండారు. చుట్టూ చర్మం కప్పు లేకుండా ఉండిపోయి, దాని మీద మలం పడి పడి కాలిపోయింది. సరిగ్గా కోసి పెట్టుకుంటే పది పన్నెండు రోజుల్లో మానిపోతాది."

పంకజం లేచి కూర్చుంది. ఏడవబోయి నవ్వింది, నవ్వబోయి ఏడ్చింది. కాలిపోయిందంతే. జబ్బు కాదు.

"పోయిన తడవ అన్నకు కొత్త కొలత పెన్సిలుతో గీసి ఇచ్చినానే. సరే సరే అన్నాడు." సెలీనా తీసిన ప్లేటును వెలుతురుకు పెట్టింది. రంధ్రం గుండ్రంగా లేదు. ఒక పక్క లోపలికి, ఒక పక్క బయటికి పోయి, ఎలుక కొరికినట్లుంది. "అక్కా, అన్నకు కళ్ళు బాగుండాయా?"

ముక్కు దాకా తెచ్చుకున్న ప్లేటు, అంచు తడుముకున్న బొటనవేలు పంకజం కళ్ళ ముందు నిలిచాయి.

సెలీనా కొత్త ప్లేటూ కత్తెరా ఆమె చేతిలో పెట్టింది. "ఇంక నువ్వే కొయ్యాల. నేను చెయ్యను, చూస్తా ఉంటా."

"నాకు చాత కాదమ్మా."

"ఏం పని చేస్తా ఉన్నావు ముందు?"

"జాకెట్లు కుట్టేదాన్ని."

"జాకెట్టు మెడ కోసిన చేత్తో ఇది కొయ్యలేవా?"

మొదటిది పాడైంది. వేళ్ళు ఏడాదిగా కత్తెర మరిచిపోయాయి. రెండో ప్లేటు తీసుకొని కాసేపు ఊరికే ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత ఆగకుండా, కత్తెర పక్కకు తిప్పకుండా ప్లేటునే తిప్పుకుంటూ కోసింది. అంచు వేలితో నునుపు చేసింది. పుండు మీద పౌడరు చల్లి, మిగిలింది దులిపి, తల వంచి చూసుకుంటూ తన ఒంటికి తానే అంటించుకుంది. అరచెయ్యి ఆనించి ఉంచింది. చేతి కింద అది వెచ్చగా ఉంది.

"నొప్పి లేదే," అంది ఆశ్చర్యంగా.

"ఉండదక్కా. దాన్ని ముట్టుకుంటే తెలియను కూడా తెలియదు. నువ్వు పడింది నొప్పి కాదు, మంట. ఆ మంటంతా పక్క చర్మానిది."

తిరుగు బస్సులో సీటు దొరికింది. కిటికీ పక్కన కూర్చుంది. జబ్బు లేదన్న సంతోషం ఒంట్లో ఇంకా నిండుగా ఉంది కానీ దాని అడుగున మరొకటి కదులుతోంది. ఆయన కాఫీని గ్లాసులో కాక బల్ల మీద పోయడం. పెళ్ళయి ఆవడిలో ఉంటున్న కూతురు విజి వచ్చినప్పుడు, చేపలో ముల్లు తియ్యమని ఆమె ముందుకు కంచం జరపడం. మెట్టు దగ్గర కాలితో వెతుక్కోవడం. బండిళ్ళు కట్టే మనిషి గోడౌను వాకిట్లో ఊరికే కూర్చునే కాపలా పనికి మారడం. ఎందుకయ్యా అంటే, 'నిన్ను చూసుకోవాల గదా, ఒళ్ళు అలిసిపోకూడదు' అన్నాడు. ఆమె ఆ మాటను గోడవైపు తిరిగే విన్నది. ఏడాదిపాటు ఆయన మొహం వంక సరిగ్గా చూడనే లేదు.

*

కన్నియప్పన్ పనికి పోయినట్లే పోయి మధ్యాహ్నానికే తిరిగొచ్చాడు. తాళం చూసి, రాసాత్తిని అడిగి సంగతి తెలుసుకొని, తలుపు తీసి గడప మీదనే కూర్చున్నాడు. పంకజం చెప్పుల చప్పుడుకు లేచి నిలబడ్డాడు. ఆమె ఇంకా నాలుగిళ్ళ దూరంలో ఉండగానే, చప్పుడు వచ్చే వైపు మొహం పెట్టి, "ఏం జెప్పినారు?" అన్నాడు.

"జబ్బు కాదంట. చర్మం ఒరిసింది, అంతే."

ఆయన గోడకు ఆనుకున్నాడు. "నిజంగానా? పంకజం, నిజంగానా?"

"డాక్టరే జెప్పినాడు."

"మరి ఎందువల్ల ఒరిసింది?"

బస్సు దిగినప్పటి నుంచి ఆమె ఆ ప్రశ్నకే జవాబు కూర్చుకుంటూ వచ్చింది. చెమట అని చెబుదామనుకుంది. కొత్త రకం ప్లేటు పడలేదని చెబుదామనుకుంది.

"ఇంక నేనే వేసుకుంటా," అంది. "నేర్చుకున్నా."

"నేను వేస్తే ఏం?"

ఆమె వంగి చెప్పులు విడిచి గోడవార పెట్టింది. ఆ కొంచెంసేపు చాలింది. కన్నియప్పన్ మొహం మెల్లగా వాలిపోయింది.

"నేను కోసిందే గదా," అన్నాడు. "నేనే కాల్చినా నిన్ను."

"లోపలికి రా. వీధిలో వద్దు."

లోపలికొచ్చి మంచం కోడు తడుముకొని కూర్చున్నాడు. ఆమె ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది. "కళ్ళు కనపడ్డంలేదు నీకు. ఎప్పటినుంచి?"

"కనపడతాది. మసగ్గా."

"ఎప్పటినుంచయ్యా?"

"నువ్వు వార్డులో ఉన్నప్పటినుంచి," అన్నాడు చివరికి. "ఆ నర్సమ్మ గీత గీసి ఇచ్చింది. ఆడ ఏమీ లేదు నాకు, తెల్లకాగితమే. పాత అట్ట ఉండాదిలే, వేలికి తెలుస్తాది గదా అనుకున్నా. చెప్తే నువ్వు ఎవురి చేత వేయించుకుంటావు? నువ్వు చూడవు. విజికి చంటిబిడ్డ. ఇంకెవురుండారు?" కాయలు కాసిన అరచేతులు ఒకదానితో ఒకటి రాసుకున్నాడు. "ఆ ఒక్క పని నాకు బాగా వచ్చుననుకున్నా."

పంకజం ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. తిట్టాలనిపించింది. ఎవరిని తిట్టాలో తెలియలేదు.

*

కంటాసుపత్రికి ఆమే తీసుకుపోయింది. బస్సులో ఆయన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి, తను అంచున కూర్చుంది. గడ్డం ఆనించమన్న చోట ఆనించి, రెప్ప కొట్టొద్దంటే కొట్టకుండా, చుక్క కనిపిస్తే మీట నొక్కమంటే ఎక్కడా నొక్కకుండా కన్నియప్పన్ చాలాసేపు కూర్చున్నాడు. చుక్కలు వస్తున్నాయనీ ఆయన నొక్కడం లేదనీ పంకజం వెనక నుంచి చూసింది.

డాక్టరమ్మ చిన్నపిల్లలాగా ఉంది. మెల్లగా చెప్పింది. కంటి లోపల ఒత్తిడి పెరిగి నరం ఎండిపోయింది. కుడి కన్ను దాదాపు పోయింది. ఎడమ కంట్లో కొంచెం మిగిలింది. చుక్కలు వేసుకుంటూ ఉంటే ఆ కొంచెం నిలవచ్చు. పోయింది మాత్రం తిరిగి రాదు.

"ఆపరేషను చేస్తే?" అంది పంకజం.

"దీనికి చేసినా చూపు రాదమ్మా. పోయినేడు ఈ టైముకు వచ్చి ఉంటే చాలా మిగిలేది. ఎందుకు రాలేదు?"

పోయినేడు ఈ టైముకు ఆయన క్యాన్సరు వార్డు వరండాలో, చాప మీద ఉన్నాడు. లోపల మంచం మీద ఆమె గోడవైపు తిరిగి ఉంది.

"తీరలేదమ్మా," అన్నాడు కన్నియప్పన్.

బస్సు దిగే చోట ఆమె చెయ్యి అందించింది. ఆయన పట్టుకోకుండా ఒక్క క్షణం ఆగాడు. తర్వాత పట్టుకున్నాడు.

ఆ మరుసటి ఉదయం నుంచి పంకజం పొద్దున్నే కాఫీకి ముందే ప్లేటు పని చూసుకునేది. కన్నియప్పన్ అలవాటు మానలేక నీళ్ళు వెచ్చబెట్టి తెచ్చేవాడు. తెచ్చి, కింద పెట్టి, ఏం చెయ్యాలో తెలియక కాసేపు నిలబడి, వీధి అరుగు మీదికి పోయి కూర్చునేవాడు. లోపల ఆమె కత్తెర చప్పుడు వినబడేది. కబుర్లు లేవు. ఒకరోజు ఆమె పనంతా సక్రమంగా అయిపోయి, చీర సర్దుకున్నాక కూడా మంచం మీదే కూర్చుండిపోయింది. బాగా వచ్చింది. ఎవరి సాయమూ లేకుండా వచ్చింది. ఆయనకు మిగిలిన ఆ ఒక్క పనిని తాను లాగేసుకుంది, లాగేసుకోక తప్పదు.

పది రోజులు దాటాక ఒక ఉదయం నీళ్ళ గిన్నె కింద పెట్టి ఆయన బయటికి పోలేదు.

"మానిందా?" అన్నాడు.

"మానింది."

"నా కాడ దాచమాక పంకజం. నేను నీ కాడ దాచినట్లు."

ఆమె అప్పుడే పాత ప్లేటు తీసి తుడుచుకుంది. ఇంకా కొత్తది వెయ్యలేదు. తలుపు సందులోంచి ఎండ నేరుగా పొట్ట మీద పడుతోంది. కొత్త చర్మం లేత గులాబీ రంగులో, ముడత లేకుండా మెరుస్తోంది. ఆయన చూస్తున్నాడు, కానీ ఆమె భుజం పక్కగా, ఏమీ లేని చోటికి చూస్తున్నాడు.

"ఇట్రా," అంది.

ఆయన వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. పంకజం ఆయన కుడిచేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. చూపుడు వేలు పట్టుకొని, కాలిన చోట మొదలుపెట్టి, దాని చుట్టూ మెల్లగా, ఒక పక్కనుంచి ఇంకో పక్కకు నడిపించింది.

"ఈడ," అంది. "ఈడ గూడా మానింది. చూడు."

కన్నియప్పన్ తల వంచి చూశాడు.